అందరికీ ఒకే పాఠం: పర్యావరణ విద్య కళాశాల గడప తొక్కిన చరిత్ర



కొన్నేళ్ల క్రితం మా పాఠశాలలో చదివి వెళ్లిన ఒక అమ్మాయి, బి.కాం. రెండవ సంవత్సరంలో ఉండగా, మా ఇంటికి వచ్చింది. చేతిలో స్పైరల్ బైండింగు చేసిన పుస్తకం ఉంది. "సార్, దీని మీద నా పేరు రాసి ఇయ్యండి, మీ దస్తూరి మంచిగుంటది" అని అడిగింది. తెరిచి చూశాను. పశ్చిమ కనుమల జీవవైవిధ్యం గురించి ఇరవై పుటలు, రంగుల బొమ్మలు. కళాశాల దగ్గరి జిరాక్సు దుకాణంలో తయారుగా దొరికిందట. పేరు, వరుస సంఖ్య రాసే చోట్లు మాత్రం ఖాళీగా ఉంచి అమ్ముతారట.

"ఆ కనుమలు నువ్వు చూశావా అమ్మా?" అని అడిగాను.

"లేదు సార్. అందరూ ఇట్లనే ఇస్తరు."

ఆ అమ్మాయి తండ్రి రంగుల కార్ఖానాలో నూలుకు అద్దకం వేసే పని చేస్తాడు. నానమ్మ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతూ ఉంది. ఏ తునికాకు ఏ అడవి నుండి వస్తుందో, ఏ ఏడు ఆకు పలచబడిందో ఆమెకు తెలుసు. రంగునీళ్లు ఏ కాలువలో కలుస్తాయో తండ్రికి తెలుసు. ఇంట్లో ఇంత పాఠం ఉండగా, ఎన్నడూ చూడని కొండల గురించి ఎవరో రాసిన పుటలను ఆ పిల్ల డబ్బిచ్చి కొనుక్కుంది. దానికి మంచి మార్కులే వచ్చాయని తరువాత తెలిసింది.

ఆ పిల్లను తప్పుపట్టే ముందు, బి.కాం. చదివే విద్యార్థినిని కళాశాల పర్యావరణం గురించి ఎందుకు అడిగిందో తెలుసుకోవాలి. దాని వెనుక సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన ఒక తీర్పు ఉంది. ఆ చరిత్ర మన ఉపాధ్యాయులలో చాలామందికి తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు. తెలిసిన మేరకు ఇక్కడ వివరిస్తాను.

కరవు సంవత్సరంలో మొదలైన మాట

1972 జూన్ నెలలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ మహాసభ జరిగింది. జూన్ 5న మొదలై 16న ముగిసింది. మనం ఏటా జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం జరుపుకోవడానికి మూలం అదే. ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధానిని మినహాయిస్తే ఆ సభకు హాజరైన ప్రభుత్వాధినేత మన ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ఒక్కరే. పేదరికాన్ని విడిచిపెట్టి పర్యావరణాన్ని గురించి మాట్లాడలేమని ఆమె ఆ వేదికపై స్పష్టంచేశారు.

అదే ఏడు మహారాష్ట్రను ఘోరమైన కరవు పట్టి పీడించింది. మా సోలాపురం జిల్లా కూడా ఆ కరవులో చిక్కుకుంది. స్టాక్‌హోంలో ఏమి జరుగుతున్నదో ఇక్కడి జనానికి తెలియదు. బావులు ఎండిపోయిన సంగతి, సహాయపు పనులలో రాళ్లు కొట్టిన సంగతి, రేషనులో వచ్చిన ఎర్రని మైలో జొన్నల సంగతి మాత్రం ఆనాటివారు నేటికీ చెబుతారు. ప్రకృతి వనరులు అనే పాఠాన్ని ఆ తరం ఒంటితో నేర్చుకుంది. వారి మనుమలు దానిని పుస్తకంలో చదువుతున్నారు. ఈ రెండింటి మధ్య వంతెన ఉన్నదా అన్నదే నా ప్రశ్న.

స్టాక్‌హోం సభ తరువాత నాలుగేళ్లకు, 1976లో, 42వ రాజ్యాంగ సవరణ ద్వారా రెండు అంశాలు మన రాజ్యాంగంలో చేరాయి. పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను రక్షించే ప్రయత్నం రాజ్యం చేయాలని 48-ఎ అధికరణం చెబుతుంది. అడవులు, సరస్సులు, నదులతో కూడిన పర్యావరణాన్ని కాపాడటం, ప్రాణులపట్ల దయ కలిగి ఉండటం ప్రతి పౌరుని విధి అని 51-ఎ(జి) చెబుతుంది. ఇక్కడ ప్రతి పౌరుడు అన్న మాటను గమనించాలి. విధి అందరిదీ అయినప్పుడు, దానిని నెరవేర్చడానికి కావలసిన చదువు కూడా అందరికీ అందాలి కదా! ఆ తరువాతి చరిత్ర అంతా ఈ ఒక్క తర్కం మీదనే నడిచింది.

1977 అక్టోబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని తిబిలిసి నగరంలో, యునెస్కో ఆధ్వర్యంలో పర్యావరణ విద్య మీద ప్రభుత్వాల స్థాయిలో మొట్టమొదటి మహాసభ జరిగింది. ఈ విద్య అన్ని వయసులవారికీ అందాలనీ, అన్ని శాస్త్రాలనూ కలుపుకొని సాగాలనీ, స్థానిక సమస్యలతో ముడిపడి ఉండాలనీ ఆ సభ నిర్ణయించింది. మన దేశంలో 1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. అదే ఏడు ప్రకటించిన జాతీయ విద్యావిధానం పర్యావరణ స్పృహను విద్యలో భాగం చేయాలని చెప్పింది. చట్టం ఉంది, విధానం ఉంది. తరగతి గదిలోకి మాత్రం అది రాలేదు.

1991 నాటి తీర్పు

ఎం.సి. మెహతా అనే న్యాయవాది పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తాజ్‌మహల్‌ను పొగనుండి కాపాడాలని, గంగానది కాలుష్యాన్ని ఆపాలని వ్యాజ్యాలు నడిపిన వ్యక్తి. 1997లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. కర్మాగారాల మీద ఒక్కొక్క వ్యాజ్యం వేస్తూపోతే ఎన్నటికీ తెమలదనీ, ప్రజలకు తెలియకుండా చట్టాలు పనిచేయవనీ ఆలోచించి, ఆయన ప్రజలకు పర్యావరణ విషయాలు బోధించే ఏర్పాటు చేయాలని కోరుతూ సర్వోన్నత న్యాయస్థానంలో మరొక ప్రజాహిత వ్యాజ్యం వేశారు.

1991 నవంబరు 22న ప్రధాన న్యాయమూర్తి రంగనాథ మిశ్రా అధ్యక్షతన గల ధర్మాసనం తీర్పు చెప్పింది. మిశ్రాగారు ఒడిశాకు చెందినవారు. ఆ తీర్పులోని ఆదేశాలు స్థూలంగా ఇవి. సినిమాహాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణ సందేశాలు గల స్లైడులు ఉచితంగా చూపాలి. ఆకాశవాణి, దూరదర్శన్ ఈ విషయమై కార్యక్రమాలు ప్రసారం చేయాలి. పాఠశాలలలో తరగతుల వారీగా, క్రమపద్ధతిలో, పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలి. విశ్వవిద్యాలయాలు పర్యావరణం మీద ఒక పాఠ్యక్రమాన్ని నిర్దేశించేలా విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., వెంటనే చర్య తీసుకోవాలి. కళాశాల విద్యలో ప్రతి స్థాయిలోనూ దీనిని నిర్బంధ విషయంగా చేయగల అవకాశాన్ని పరిశీలించాలి. పాఠశాలలలో 1992-93 విద్యాసంవత్సరానికల్లా ఇది అమలులోకి రావాలి.

ఆ సంవత్సరం నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. వయసు 21. శిక్షణ కళాశాలలో ఈ తీర్పును గురించి ఒక్క మాట విన్న జ్ఞాపకం లేదు. సినిమాహాలులో అసలు బొమ్మకు ముందు చెట్లు నాటమని చెప్పే స్లైడు పడితే, ఆలస్యంగా వచ్చేవారి కోసం వేశారనుకునేవాళ్లం. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం మమ్మల్ని ఉద్దేశించి ఒక ఆదేశం ఇచ్చిందని మాకు తెలియనే తెలియదు.

పన్నెండేళ్ల ఆలస్యం, ఎనిమిది యూనిట్లు

తీర్పు వచ్చినంత వేగంగా పాఠం రాలేదు. భాషా వాచకంలో చెట్టు మీద పద్యం ఉంది, భూగోళంలో అడవుల పాఠం ఉంది, విజ్ఞానశాస్త్రంలో కాలుష్యం ఉంది కనుక మేము బోధిస్తూనే ఉన్నాము అని సరిపెట్టుకోవడం సులభమే. ఆదేశం సరిగా అమలు కావడంలేదని మెహతా మళ్లీ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2003 డిసెంబరు 18న న్యాయస్థానం ఎన్.సి.ఇ.ఆర్.టి.ని తరగతుల వారీగా పాఠ్యప్రణాళిక తయారుచేయమని ఆదేశించి, 2004 ఏప్రిల్ 14 వరకు గడువిచ్చింది. 2004 జూలై 13న, ఒకటి నుండి పన్నెండవ తరగతి వరకు ఆ ప్రణాళికను అన్ని రాష్ట్రాలూ పాటించాలని చెప్పింది.

కళాశాలల కొరకు యు.జి.సి. అదే కాలంలో ఆరునెలల పాఠ్యక్రమాన్ని రూపొందించింది. దీని విశేషం ఏమిటంటే, డిగ్రీ స్థాయిలో ఏ శాఖవారికైనా ఇది ఒక్కటే. బి.ఏ. తెలుగు చదివేవారు, బి.కాం. చదివేవారు, ఇంజనీరింగు చదివేవారు అందరూ ఇదే పాఠం చదవాలి. ఒక దేశంలోని విశ్వవిద్యాలయ విద్యార్థులందరికీ న్యాయస్థానం చొరవతో ఒకే విషయం నిర్బంధం కావడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ పాఠ్యక్రమంలో 50 బోధనా గంటలు, 8 యూనిట్లు ఉన్నాయి. పర్యావరణ అధ్యయనం యొక్క స్వభావానికి 2 గంటలు, ప్రకృతి వనరులకు 8, ఆవరణ వ్యవస్థలకు 6, జీవవైవిధ్యానికి 8, కాలుష్యానికి 8, సామాజిక సమస్యలకు 7, జనాభా, పర్యావరణాలకు 6, క్షేత్రపర్యటనకు 5. సుస్థిరాభివృద్ధి అన్న మాట సామాజిక సమస్యల యూనిట్‌లో మొట్టమొదట వస్తుంది. రేపటి తరం అవసరాలకు ఎసరు పెట్టకుండా ఈ తరం తన అవసరాలు తీర్చుకోవడం అని దాని భావం. మార్కులు 100: చిన్న ప్రశ్నలకు 25, వ్యాసరూప ప్రశ్నలకు 50, క్షేత్రపర్యటనకు 25.

ఇంతకూ ఆ 25 మార్కులకు యు.జి.సి. ఏమి అడిగింది? దగ్గరలోని నదినో, అడవినో, గడ్డిభూమినో, కొండనో చూసి అక్కడి సంపదను నమోదుచేయాలి. కాలుష్యానికి గురైన ఒక స్థానిక ప్రదేశాన్ని చూడాలి. సాధారణంగా కనబడే మొక్కలు, పురుగులు, పక్షులను గుర్తించాలి. చెరువు, నది, కొండవాలు వంటి చిన్న ఆవరణ వ్యవస్థలను పరిశీలించాలి. స్థానికం అన్న మాటే ఈ యూనిట్‌కు ప్రాణం. మొదట నేను చెప్పిన స్పైరల్ బైండింగు పుస్తకం ఈ యూనిట్ పేరు మీద వచ్చినదే.

ఈ పాఠ్యక్రమానికి యు.జి.సి. కొరకు పుస్తకం రాసినవారు పూణేలోని భారతీ విద్యాపీఠ్ పర్యావరణ విద్యా పరిశోధనా సంస్థకు చెందిన డాక్టర్ ఎరాచ్ భరూచా. ఆయన వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు. ఆ పుస్తకాన్ని ప్రచురించినది హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్. అన్ని శాఖల విద్యార్థులకూ ఉద్దేశించిన పుస్తకం ఒక వైద్యుని చేతిమీదుగా వచ్చిందంటే, ఈ విషయం ఏ ఒక్క శాఖకూ సొంతం కాదని దానిలోనే ఋజువు ఉంది.

మా ప్రాంతానికి సంబంధించి మరొక యాదృచ్ఛికం ఉంది. సోలాపురం కళాశాలలు అంతవరకు కొల్హాపూరు శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2004 ఆగస్టు 1న మా ఒక్క జిల్లాకే ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు పుణ్యశ్లోక్ అహిల్యాదేవి హోల్కర్ సోలాపూర్ విశ్వవిద్యాలయం. ఒక జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం, అందులోని పిల్లలందరికీ తమ జిల్లా నేలను, నీటిని చూసి రాయమనే పాఠం, రెండూ ఒకే కాలంలో వచ్చాయి. ఇంతకన్న మంచి ముహూర్తం ఏముంటుంది?

విడిపాఠమా? కలిపిన పాఠమా?

ఇతర దేశాలలో ఈ పని వేరే దారిలో సాగింది. 1990 అక్టోబరులో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం చొరవతో 22 మంది విశ్వవిద్యాలయాధిపతులు ఫ్రాన్సులోని తలోయిర్ అనే ఊరిలో సమావేశమై ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. తమ విద్యార్థులందరినీ పర్యావరణ అక్షరాస్యులుగా తీర్చిదిద్దుతామన్నది అందులోని పది వాగ్దానాలలో ఒకటి. తరువాత 500కు పైగా విద్యాసంస్థలు దానిపై సంతకం చేశాయి. 1992 నాటి రియో మహాసభ ఆమోదించిన అజెండా 21లో 36వ అధ్యాయం విద్యకే కేటాయించారు. 2005 నుండి 2014 వరకు పదేళ్లను ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి విద్యా దశాబ్దంగా పాటించింది.

అక్కడ విశ్వవిద్యాలయాలు తమంతట తాము సంతకం చేశాయి. ఇక్కడ న్యాయస్థానం ఆదేశించింది. సంతకం చేసినవారిలో మాట నిలుపుకున్నవారు ఉన్నారు, గోడకు పటం కట్టి ఊరుకున్నవారూ ఉంటారు. ఆదేశం వలన ఒక మేలు జరిగింది. మారుమూల కళాశాలలోని పిల్లవాడికి కూడా ఈ పాఠం అందింది. అయితే ఆదేశంతో ఒక చిక్కు కూడా వచ్చింది. విడిపాఠంగా పెడితే, అది తమ పని కాదని మిగిలిన అధ్యాపకులు అనుకుంటారు. అన్ని పాఠాలలో కలిపితే, అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఈ వాదం మన దేశంలోనూ గట్టిగానే జరిగింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సందర్భంగా ఏర్పడిన బృందాలలో ఒకటి ఆవాసం, అభ్యసనం అనే విషయాన్ని పరిశీలించింది. దానికి జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ అధ్యక్షుడు. విద్యార్థులు తమ చుట్టూ ఉన్న పరిసరాలను తామే పరిశీలించి నమోదు చేయాలనీ, అలా పోగైన సమాచారం ఊరికి కూడా ఉపయోగపడాలనీ ఆ బృందం భావించింది. విడిగా చెప్పినా, కలిపి చెప్పినా, పిల్లవాడు బయటికి వెళ్లి చూడకపోతే ఫలితం లేదన్న దగ్గర రెండు పక్షాలూ కలుస్తాయి.

తరగతి గదిలో జరిగినది

కొత్త పాఠం వచ్చింది, దానితోపాటు కొత్త అధ్యాపకుడు రాలేదు. నాకు తెలిసిన కళాశాలల్లో గంటలు తక్కువ ఉన్నవారెవరో వారికి ఈ పాఠం అప్పగించారు. వాణిజ్యశాస్త్రం చెప్పేవారు చెప్పారు, చరిత్ర చెప్పేవారూ చెప్పారు. అది తప్పు కాదు. ఈ పాఠం ఉద్దేశమే అది. అయితే వారికి తగిన శిక్షణ లేదు, వంద మందిని బయటికి తీసుకుపోయే వీలు లేదు. ఉత్తీర్ణత తప్పనిసరి, శ్రేణిలో మాత్రం ఈ మార్కులు కలవవు అంటే, పిల్లలు ఎంత శ్రద్ధ పెడతారో మనకు తెలియనిది కాదు. ఆ విధంగా 5 గంటల క్షేత్రపర్యటన జిరాక్సు దుకాణం దాకా నడిచి ఆగిపోయింది.

ఇతరులను అంటున్నాను కనుక నా తప్పు కూడా చెప్పుకోవాలి. నేను ఎన్నో ఏళ్లు పదవ తరగతి పిల్లలకు కాలుష్యం మీద వ్యాసం రాయమని చెప్పాను. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ఉపసంహారం అని మూడు భాగాలుగా గైడులో ఉన్నదే వారు రాసేవారు, నేను పదికి ఏడు వేసేవాడిని. దస్తూరి బాగుంటే ఎనిమిది. మా వీధి కాలువలో ఒకనాడు ఎరుపు, ఒకనాడు నీలం నీళ్లు పారుతూ ఉంటాయి. ఆ కాలువ పేరు ఒక్క వ్యాసంలోనూ కనబడలేదు. కనబడలేదన్న సంగతి నాకూ తట్టలేదు. జిరాక్సు దుకాణపు పుస్తకానికి ఆ అమ్మాయిని సిద్ధం చేసినవాణ్ని నేనే కాదా? కళాశాలకు వెళ్లకముందే, చూడనిదాని గురించి చక్కగా రాయడం మేమే నేర్పాము.

మాట ఉంటేనే చూపు

ఇక్కడ భాషోపాధ్యాయులుగా మన సంగతికి వస్తాను. మా సోలాపురంలో తెలుగు పిల్లలు తెలుగు బడిలో చదివినా, కళాశాలకు వెళ్లేసరికి మరాఠీలోనో ఆంగ్లంలోనో చదవాలి. పర్యావరణ పాఠం కూడా అదే భాషలో ఉంటుంది. ఆ భాషలు నేర్వడం అవసరమే. కాని క్షేత్రపర్యటన అనగా ఇంటినుండి, వీధినుండి, పెద్దలనుండి సమాచారం సేకరించడం. మా ఇళ్లలో ఆ సమాచారం తెలుగులో ఉంది.

యూనిట్ల వారీగా చూడండి. ప్రకృతి వనరులు అన్నచోట మా ఇళ్లలో తునికాకు ఉంది. కాలుష్యం అన్నచోట అద్దకపు నీళ్లు ఉన్నాయి, సాంచాల మోత ఉంది. ఆవరణ వ్యవస్థ అన్నచోట ఊరి నడుమ సిద్ధేశ్వర చెరువు ఉంది. 12వ శతాబ్దికి చెందిన శివయోగి సిద్ధరామేశ్వరుడు దానిని తవ్వించాడని ప్రసిద్ధి. జీవవైవిధ్యం అన్నచోట ఊరికి దగ్గరలోనే నాన్నజ్ గడ్డిభూములు ఉన్నాయి. బట్టమేక పిట్ట కోసం 1979లో అభయారణ్యంగా ప్రకటించినవి అవే. ఆ పిట్ట నేడు ప్రపంచంలోనే అంతరించిపోయే అంచున ఉన్న పక్షులలో ఒకటి. జనాభా, పర్యావరణం అన్నచోట మా వలస కథే ఉంది. 19వ శతాబ్ది చివరిభాగంలో ఇక్కడ నూలు మిల్లులు వచ్చినప్పటినుండి తెలంగాణ జిల్లాల పద్మశాలీలు ఈ ఊరికి తరలివచ్చారు. కూడు, నీరు, పని ఎక్కడ ఉంటే మనిషి అక్కడికి నడుస్తాడన్న పాఠానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మా పిల్లలకు దొరకదు.

మా పెద్దలు చెరువుల సీమనుండి వచ్చారు. వారి నోట తూము, మత్తడి, శిఖం, చెలమ, ఊట వంటి మాటలు ఉండేవి. చెరువు నిండితే మిగులునీరు పోయే కట్టడం మత్తడి. చెరువు కింది మునక భూమి శిఖం. ఇసుకలో చేత్తో తవ్వుకునే నీటిగుంట చెలమ. ఈ మాటలు తెలిసినవాడికి చెరువు ఒక నీళ్ల మడుగుగా కనబడదు. నీరు ఎటు వస్తుందో, ఎటు పోతుందో, ఎక్కడ ఎవరు ఇల్లు కడితే ఏమవుతుందో కనబడుతుంది. శిఖం అన్న మాట తెలిసిన ఊరిలో చెరువులో ఇంటిస్థలం కొనడానికి మనిషి ఒకసారి వెనకాడుతాడు. మాట పోయినచోట ఆ వెనకాడటం కూడా పోతుంది. సుస్థిరాభివృద్ధి అన్న పెద్ద మాట కిందికి దిగి నిలబడవలసింది ఇటువంటి చిన్న మాటల మీదనే.

తమిళనాడు, కర్ణాటక, ఒడిశాలలోని మిత్రులకూ, యానాం మిత్రులకూ ఇదే వర్తిస్తుంది. మీ పిల్లల ఇళ్లలో ఏటి మాటలు, చేపల మాటలు, మెట్ట సేద్యపు మాటలు, మడ అడవుల మాటలు ఉన్నాయి. కళాశాలలో వాటిని ఏ భాషలోకి మార్చి రాసినా, మొదట అవి పిల్లల దగ్గర ఉండాలి.

మనం చేయదగినది

2023లో యు.జి.సి. డిగ్రీ స్థాయి పర్యావరణ విద్యకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానానికి అనుగుణంగా ఈ పాఠానికి 4 క్రెడిట్లు ఇచ్చారు. వాతావరణ మార్పు, పర్యావరణ నిర్వహణ, అంతర్జాతీయ ఒప్పందాలు వంటివి చేరాయి. స్థానిక అధ్యయనాలు, క్షేత్రపర్యటన అలాగే ఉన్నాయి. క్రెడిట్లు రావడం వలన పాఠం బరువు పెరిగింది. బరువు పెరిగితే జిరాక్సు పుస్తకం ధర కూడా పెరుగుతుందేమో! దానిని ఆపగలిగేది, పాఠశాలలో ముందుగా పడే అలవాటు ఒక్కటే.

నా తప్పు తెలిసిన తరువాత ఒక ఏడు వ్యాసం అడగడం మానేశాను. ఇంట్లో అందరికన్నా పెద్దవారిని 1972 కరవులో నీళ్లు ఎక్కడినుండి తెచ్చారో అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు తెలుగులో ఒక పుట రాసుకురమ్మన్నాను. ఆ పుటలలో గైడు భాష లేదు. ఒక పిల్లవాడు వాళ్ల అవ్వ కంకర కొట్టి, పనిచోట ఇచ్చిన సుకడీని కొంగున కట్టి పిల్లలకు తెచ్చేదని రాశాడు. ఒక అమ్మాయి, బావిలో బిందె మునిగే నీళ్లు లేక చిప్పతో తోడేవారని రాసింది. అక్షరదోషాలు చాలా ఉన్నాయి. దిద్దడానికి మూడు సాయంత్రాలు పట్టింది. అంతకుముందు ఇన్నేళ్లలో నేను దిద్దిన ఏ కట్టా నాకు ఇంత నేర్పలేదు.

పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ఎనిమిదవ తరగతినుండి ప్రతి పిల్లవాడూ ఒక నోటుపుస్తకం పెట్టుకుంటే చాలు. నెలకొక పుట: ఒక నెల ఇంటి నీళ్ల లెక్క, ఒక నెల వీధిలోని చెట్ల పేర్లు, ఒక నెల ఇంట్లో పెద్దవారి పనిలో వాడే వస్తువులు, అవి ఎక్కడినుండి వస్తాయి, మిగిలినది ఎక్కడికి పోతుంది. చూసినదే రాయాలి, చూడనిది రాయరాదు. అడిగినవారి పేరు, అడిగిన తేదీ వేయాలి. పదవ తరగతి ముగిసేనాటికి ఇరవై పుటలకు మించిన పుస్తకం అవుతుంది. జిరాక్సు దుకాణపు పుస్తకం ఇరవై పుటలే.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు అడిగినప్పుడు, ఈ ముచ్చట్లు నీకెందుకు, చదువుకో అనకండి. ఈ ముచ్చట్లే ఆ చదువు. బీడీలు చుట్టడం, రంగులద్దడం, మగ్గం నడపడం చెప్పుకోవడానికి నామోషీ పడే పనులు కావు. సర్వోన్నత న్యాయస్థానం 1991లో కోరిన పాఠానికి అవి మూలగ్రంథాలు.

న్యాయస్థానం పాఠాన్ని నిర్బంధం చేసింది. యు.జి.సి. దానికి గంటలు, మార్కులు కేటాయించింది. పిల్లవాణ్ని చెరువుకట్ట మీదికి నడిపించి, అక్కడ కనబడిన దానికి పేరు చెప్పే పని మాత్రం మనకు మిగిలింది. ఆ మాటకొస్తే అది మొదటినుండీ తెలుగు పంతులు పనే.

మొదట చెప్పిన ఆ అమ్మాయి పుస్తకం మీద నేను ఆనాడు పేరు రాసి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండవలసింది. మీ బడులలో ఇటువంటి ప్రయత్నం చేసిన వారుంటే, మీ పిల్లలు రాసిన మాటలు ఏమిటో తెలియజేయగలరు.

సెలవు.